వాకెచూలాలో కొత్త ఓఫ్రెండా చూడటానికి కత్రీనా బొమ్మతో వెళ్లవచ్చా?

ప్రశ్న

నమస్కారం. ఉద్యోగరీత్యా మెక్సికోలోని పుయెబ్లా నగరంలో ఉంటున్నాను. నాతో పనిచేసే ఒకరి తల్లిగారు గత మార్చిలో కాలం చేశారు. వారి సొంత ఊరు అదే రాష్ట్రంలోని వాకెచూలా. నవంబరు 1న అక్కడి ఇంట్లో ఆమె పేరిట ఓఫ్రెండా, అంటే చనిపోయినవారి కోసం అమర్చే నివేదన పీఠం, కడుతున్నామని, తప్పకుండా రావాలని నన్ను పిలిచారు. ఒట్టి చేతులతో వెళ్లడం నాకు ఇష్టం లేదు. పెద్ద టోపీ పెట్టుకున్న అస్థిపంజరం రూపంలో, మట్టితో ఎంతో నేర్పుగా చేసిన కత్రీనా బొమ్మను బజారులో చూసి ముచ్చటపడ్డాను. అయితే తల్లి పోయి ఏడాది కూడా నిండని ఇంటికి నవ్వుతున్న పుర్రెను తీసుకువెళ్తే వారి మనసు నొచ్చుకుంటుందేమోనని జంకుగా ఉంది. అక్కడి పద్ధతి తెలిసినవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

మొదటి సమాధానం

మీ జంకు సరైనదే. చనిపోయినవారి ఆత్మలు ఇంటికి వస్తాయని నమ్మి జరుపుకునే మృతుల దినాలలో నవంబరు 1 చిన్నపిల్లల ఆత్మలకు, 2 పెద్దల ఆత్మలకు అని మెక్సికో అంతటా అనుకుంటారు గాని, ఊరూరికీ ఆచారం మారుతుంది. వాకెచూలా పద్ధతి మరీ ప్రత్యేకం. ఆ ఏడాది మరణించినవారికి కట్టేదాన్ని అక్కడ కొత్త ఓఫ్రెండా అంటారు. తెల్లని శాటిన్ గుడ్డను కుచ్చులు కుచ్చులుగా మడిచి, అంతస్తులుగా, దాదాపు ఇంటికప్పు తాకేంత ఎత్తున కడతారు. కింది అంతస్తు మనుషుల లోకం, మధ్యది దేవదూతలు ఉండే ఆకాశం, అన్నిటికంటే పైన శిలువ. చుట్టూ ముఖం చేతుల్లో దాచుకుని ఏడుస్తున్న చిన్నపిల్లల మట్టిబొమ్మలు పెడతారు. వాటి పేరే యొరోనెస్, అంటే ఏడ్చేవారు. అంత తెలుపులో, అంత నిశ్శబ్దంలో కత్రీనా ఇమడదు.

ఆ ఇంటికి వెళ్లేవారు మామూలుగా తీసుకువెళ్లేది కొవ్వొత్తి, లేదా పూలు. దారి పొడవునా బంతిపూలు అమ్ముతూనే ఉంటారు. ఆ పువ్వును అక్కడ సెంపసూచిల్ అంటారు. మెక్సికో మూలవాసుల నావాత్ల్ భాషలో ఇరవై అనే మాట, పువ్వు అనే మాట కలిసి ఏర్పడిన పేరది. వీధి నుంచి ఓఫ్రెండా వరకు దాని రేకులతో బాట పరుస్తారు, వచ్చే ఆత్మ ఆ రంగునూ వాసననూ పట్టుకుని ఇల్లు చేరుతుందని. ఆ బాటను తొక్కకుండా పక్కనుంచి నడవండి. ఇంటివారు రొట్టెగాని, చాక్లెట్ పానీయంగాని, మోలే కూరగాని పెడితే కాదనకండి. ముక్కూ మొహం తెలియని వారికి కూడా ఆ రోజు భోజనం పెడతారు.

రెండో సమాధానం

పై సమాధానంతో ఏకీభవిస్తూనే కత్రీనా గురించి ఒక మాట చేర్చాలి, ఎందుకంటే ఆమెను ఈ పండుగకు ప్రాచీన దేవతగా పొరబడేవారు చాలామంది ఉన్నారు. 1913లో మరణించిన హోసే గ్వాదలూపే పొసాదా అనే ముద్రణ చిత్రకారుడు, తమ మూలాలను దాచుకుని ఐరోపా దొరసానుల్లా అలంకరించుకునే వారిని ఎత్తిపొడుస్తూ చెక్కిన బొమ్మ అది. అందులో ఉన్నది తల, టోపీ మాత్రమే. 1947లో దియేగో రివేరా తన కుడ్యచిత్రంలో ఆమెకు ఒళ్లూ, నిండు దుస్తులూ ఇచ్చిన తరువాతే ఈనాటి రూపం స్థిరపడింది. అంటే ఆమె పుట్టింది వీధిలో అమ్మే పత్రికల కాగితం మీద, సమాజాన్ని నిలదీయడానికి. ఆ బొమ్మను తప్పక కొనుక్కోండి, కళాకారుడికి నాలుగు డబ్బులు వస్తాయి; కాని అది మీ ఇంట్లోనే ఉండనివ్వండి.

మూడో సమాధానం

పుర్రె అంటేనే తగదని మాత్రం అనుకోవద్దు. తొలూకాలో అల్ఫెన్యీకె అనే చక్కెర మిఠాయి చేసే పనివారు అచ్చుల్లో పోసి చేసే పుర్రెల నుదుటి మీద పేరు రాస్తారు, వాటిని ఎన్నో ఇళ్లలో ఓఫ్రెండా మీద పెడతారు.

మీరు పుయెబ్లా రాష్ట్రంలోనే ఉన్నారు కనుక సాన్ సాల్వదోర్ విస్కొలోత్లా ఊరి పాపెల్ పికాడో, అంటే కన్నాలతో బొమ్మలు తీర్చిన అలంకరణ కాగితం, గురించి కూడా ఆలోచించండి. నేను అక్కడ ఒక పనివాడి పక్కన కూర్చుని చూశాను. పలుచని రంగు కాగితాలను నలభై యాభై వరకు దొంతరగా పేర్చి, గీసిన నమూనాను పైన పెట్టి, అడుగున సీసపు పలక ఉంచి, ఉలితోనూ సుత్తితోనూ ఒక్కొక్క కన్నం దించుతాడు. ఉలి మొన సీసంలోకి మెత్తగా దిగుతుంది కాబట్టి అంచు చెడదు. ఒక్క దెబ్బ పక్కకు పడితే దొంతర మొత్తం పాడవుతుంది. అయితే వాకెచూలా కొత్త ఓఫ్రెండాకు తెలుపే ప్రధానం కనుక, ముందుగా ఆ ఇంటివారిని అడిగి తీసుకువెళ్లడం మేలు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. తెల్లని పెద్ద కొవ్వొత్తి ఒకటి, బంతిపూలు రెండు కట్టలు తీసుకుని వెళ్లి వచ్చాను. కొవ్వొత్తిని ఆమె కొడుకు నా చేతుల్లోంచి రెండు చేతులతో అందుకుని, వెలిగించి, కింది అంతస్తు ముందు నిలబెట్టారు. అమ్మగారి ఫొటో ఎక్కడా కనిపించలేదేమని వెతుకుతుంటే ఆయనే నన్ను కాస్త పక్కకు జరిపారు. ఫొటోను మాకు వెనక్కి తిప్పి, ఎదురుగా అద్దం పెట్టారు. ఆమె ఇప్పుడు ఈ లోకంలో లేరు కనుక నేరుగా చూడకూడదట, ప్రతిబింబంలోనే చూడాలట. అద్దంలో ఆమె ముఖం పక్కన నేను తెచ్చిన కొవ్వొత్తి వెలుగు కూడా కనిపించింది.