ఫిరాయింపుల చట్టం ఉండగా ఎమ్మెల్యే ఎవరి ప్రతినిధి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. రాజనీతి శాస్త్రం పీజీ సెమినార్ కోసం ప్రాతినిధ్య సిద్ధాంతాలు చదువుతూ ఒక చిక్కులో పడ్డాను. ప్రతినిధి తనను ఎన్నుకున్నవారి అభిప్రాయానికి ఎంతో విలువ ఇవ్వాలి గానీ, తన వివేచనను వారికి తాకట్టు పెట్టకూడదని 1774లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ ఓటర్ల ముందు రాజనీతివేత్త ఎడ్మండ్ బర్క్ వాదించాడు. మన రాజ్యాంగంలోని పదవ షెడ్యూలు, అంటే ఫిరాయింపుల చట్టం ప్రకారమైతే, విప్‌కు (ఎలా ఓటు వేయాలో పార్టీ ఇచ్చే ఆదేశానికి) విరుద్ధంగా ఓటు వేసినా, ఓటింగుకు దూరంగా ఉన్నా, పార్టీ 15 రోజుల్లో మన్నించకపోతే సభ్యత్వం పోతుంది. అప్పుడు మన ఎమ్మెల్యే బర్క్ చెప్పిన తరహా మనిషీ కాదు, ఓటర్ల మాటను సభకు మోసుకెళ్ళే దూతా కాదు. పార్టీ చెప్పినప్పుడు ఎత్తే చెయ్యి మాత్రమే. ఇంత కఠినమైన చట్టం ఉండగా పార్టీ మారినవారు ఐదేళ్లూ నిశ్చింతగా ఎలా కొనసాగుతున్నారు?

మొదటి జవాబు:
మీ రెండు సందేహాలకూ మూలం ఒక్కటే. 1967లో హర్యానాలో గయా లాల్ వెంటవెంటనే పార్టీలు మారడంతో ‘ఆయారాం గయారాం’ అన్న మాట పుట్టింది. మన దగ్గర 1984 ఆగస్టులో ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని గవర్నర్ బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావును గద్దె ఎక్కించడం, ఎమ్మెల్యేలను కాపాడుకోవడానికి శిబిరాలు నడపడం, నెల తిరిగేసరికి ఎన్టీఆర్ మళ్ళీ ముఖ్యమంత్రి కావడం పెద్దలకు బాగా గుర్తు. మరుసటి ఏడాదే 52వ సవరణతో పదవ షెడ్యూలు వచ్చింది.

అయితే అది రెండు వేర్వేరు పనులను ఒకే గాటన కట్టింది. గెలిపించిన పార్టీని వదిలి అధికారం వైపు దూకడం ఒకటి. పార్టీలోనే ఉంటూ ఒక బిల్లుపై విభేదించడం మరొకటి. నా దృష్టిలో రెండోది శాసనసభ్యుడి అసలు పని. ఆచరణలో చట్టం గట్టిగా పట్టుకున్నది దాన్నే. ఒంటరిగా ఎదురు ఓటు వేసినవాడిని పట్టించడానికి సభ రికార్డే చాలు. గుంపుగా వెళ్ళేవారికి మాత్రం నాలుగో పేరాలో విలీనం అనే ద్వారం ఉంది. మూడింట ఒక వంతు సభ్యులతో జరిగే ‘చీలిక’కు ఉన్న మినహాయింపును 2003లో 91వ సవరణ తొలగించింది గానీ, మూడింట రెండు వంతుల విలీనాన్ని అలాగే ఉంచింది. 2018 ఎన్నికల్లో తెలంగాణ కాంగ్రెస్‌కు 19 స్థానాలు వచ్చాయి. లోక్‌సభకు గెలిచిన ఒకరు రాజీనామా చేయగా 18 మంది మిగిలారు. అందులో సరిగ్గా 12 మంది 2019 జూన్‌లో టీఆర్ఎస్‌లో విలీనమయ్యారు. పార్టీ ఎక్కడికీ పోలేదు, దాని శాసనసభాపక్షం మాత్రం మరో పార్టీలో కలిసిపోయింది! చిల్లరగా అయితే తప్పు, టోకుగా అయితే ఒప్పు అన్న విమర్శ పాతదే అయినా, ఈ లెక్క చూస్తే దాని అర్థం తెలుస్తుంది.

రెండో జవాబు:
పై మిత్రులు చెప్పింది నిజమే గానీ, చాలాసార్లు ఆ లెక్క కూడా అక్కర్లేదు. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో 67 స్థానాలు గెలిచిన వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి 23 మంది తెలుగుదేశంలోకి వెళ్ళారు. మూడింట రెండు వంతులకు అది చాలా దూరం; అయినా 2017 ఏప్రిల్‌లో వారిలో నలుగురు మంత్రులయ్యారు. కారణం, తీర్పు చెప్పేది స్పీకర్ కావడం, చెప్పడానికి గడువు లేకపోవడం. మామూలు అనర్హతల విషయంలో 192వ అధికరణ కింద గవర్నర్ ఎన్నికల సంఘం అభిప్రాయం మేరకు నిర్ణయిస్తారు. ఫిరాయింపులకు మాత్రం ఆ దారి పెట్టలేదు. 1992 నాటి కిహోటో హొల్లోహన్ కేసులో సుప్రీంకోర్టు 3–2 మెజారిటీతో స్పీకర్ అధికారాన్ని సమర్థించింది. సభలోని మెజారిటీ మద్దతుపైనే పదవి ఆధారపడిన వ్యక్తి స్వతంత్ర న్యాయనిర్ణేత కాలేరని మిగతా ఇద్దరు న్యాయమూర్తులు అప్పుడే అన్నారు. 2020లో మణిపూర్ కేసులో అదే న్యాయస్థానం, స్పీకర్‌కు బదులు శాశ్వత ట్రైబ్యునల్ గురించి పార్లమెంటు ఆలోచించాలని సూచించింది. 2025 జూలై 31న తెలంగాణలో పది మంది బీఆర్ఎస్ ఎమ్మెల్యేల విషయంలో మూడు నెలల్లో తేల్చమని స్పీకర్‌ను ఆదేశించవలసి వచ్చింది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. విప్‌ను విశ్వాస పరీక్షలకే పరిమితం చేసి, తీర్పును స్పీకర్ చేతి నుంచి తప్పిస్తే సమస్య తీరుతుందా?

మొదటి జవాబు రాసినవారు:
ఎన్నికల సంస్కరణలపై 1990లో దినేష్ గోస్వామి కమిటీ చేసిన సిఫారసు ఇంచుమించు అదే. సగం తీరుతుందనుకుంటాను. 1995 ఆగస్టును గుర్తు చేసుకోండి: పదవ షెడ్యూలు అమలులో ఉండగానే, ఎవరూ పార్టీ మారకుండానే, తెలుగుదేశం ఎమ్మెల్యేల్లో అత్యధికులు చంద్రబాబు నాయుడు వైపు చేరడంతో ఎన్టీఆర్ పదవి పోయింది. పార్టీ లోపల ఎవరి మాట చెల్లాలన్నది ఈ చట్టం తేల్చలేదు. విప్‌ను (ఆ ఆదేశం జారీ చేసే సభ్యుడిని) నియమించేది శాసనసభాపక్షం కాదు, రాజకీయ పార్టీయే అని 2023లో మహారాష్ట్ర శివసేన చీలిక కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గుంపు ఫిరాయింపులకు అది అడ్డుకట్టే. అయితే మన పార్టీల్లో అధ్యక్షుడి ఎన్నికలు ఎలా జరుగుతాయో తెలిసినవారికి, ఆ అధికారం చివరికి ఎవరి చేతికి చేరుతుందో కూడా తెలుసు.

సెమినార్‌లో బర్క్ కథను 1774తో ఆపేయకండి. ఐర్లాండ్ వాణిజ్యం, కాథలిక్కుల హక్కుల విషయంలో నియోజకవర్గానికి రుచించని పక్షం వహించినందుకు ఆయన బ్రిస్టల్‌లో ఆదరణ కోల్పోయి, 1780 ఎన్నికల్లో పోటీ నుంచి తప్పుకున్నాడు. ఆయనను లెక్క అడిగింది ఓటర్లు. మన ఎమ్మెల్యేను ఎవరు అడుగుతున్నారన్న చోట మీ పత్రం మొదలుపెట్టవచ్చు.