అప్‌డేట్: రియో మొగ్గల స్లైడులో ఆరు జతలకు బదులు గొలుసు, కారణం తెలిసింది

రియో అనే అలంకరణ మొక్క మొగ్గల పరాగకోశాలతో చేసిన స్లైడులో, క్షయకరణ విభజన (క్రోమోజోముల సంఖ్యను సగం చేసే కణవిభజన) మొదటి మధ్యస్థ దశలో ఆరు బైవాలెంట్లు (క్రోమోజోముల జతలు) ఉండాల్సిన చోట పన్నెండు క్రోమోజోములూ కొసకు కొస తగిలి గొలుసులా కనిపిస్తున్నాయని, తప్పు రంజనంలో (రంగు పట్టించడంలో) ఉందా అని ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

మా అధ్యాపకురాలు స్లైడు చూసి, అది లోపం కాదని, ఆ మొక్క స్వభావమేనని తేల్చారు. పూర్వం జరిగిన స్థానాంతరణల (ఒక క్రోమోజోము ముక్క మరోదానికి మారడం) వల్ల ప్రతి క్రోమోజోములోనూ ఒక భుజం ఒక పొరుగు క్రోమోజోముతోను, రెండో భుజం మరో పొరుగుదానితోను సమజాతంగా (జత కట్టేలా ఒకే రకంగా) ఉంటుంది. అందుకే దేనికీ పూర్తి జత దొరకక పన్నెండూ కలిసి వలయమవుతాయి, ఎక్కడో ఒక చోట కయాస్మా (రెండు క్రోమోజోములను కలిపి ఉంచే ముడి) ఏర్పడకపోతే ఆ వలయమే గొలుసుగా మిగులుతుంది. ఇక్కడి సమాధానాల్లో వచ్చిన, స్థానాంతరణ కావచ్చన్న సూచనే సరైనది.

ఎసిటోకార్మిన్ అనే రంజకం గాఢత, స్థిరీకరణ సమయం మార్చి చూశాను, తేడా రాలేదు. మొగ్గ పరిమాణం మాత్రం ముఖ్యమే, ఎందుకంటే పెద్ద మొగ్గల్లో అప్పటికే పరాగరేణువులు తయారై ఉన్నాయి. నిన్న మెల్లగా నొక్కిన స్లైడులో తెగని వలయం దొరికింది. అందులో క్రోమోజోములు ఒకటి ఒక ధ్రువం వైపు, దాని పక్కది ఎదుటి ధ్రువం వైపు తిరిగి, ముగ్గులోని మెలికల్లా ఎంతో అందంగా ఉన్నాయి.