తెలుగు టైపింగ్: కీబోర్డు నేర్పించాలా, మైకు చాలా?

ఒంగోలు మేనమామ
మా అక్క కూతురు డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉంది. తెలుగు టైపింగ్ నేర్చుకుంటానంటోంది. ఇన్‌స్టిట్యూట్ వాళ్లు మూడు నెలలు పడుతుందన్నారు. మా బావేమో "ఫోన్లో మైకు నొక్కి చెబితే అదే కొట్టుకుంటుంది, ఇంకా ఈ టకటకలెందుకు" అని ఫీజు కట్టనంటున్నాడు. ఎవరిది రైటు? ఈ పని చేసేవాళ్లే చెప్పండి.

కావలి డీటీపీ
మీ బావగారిని ఒక్కరోజు నా షాపులో కూర్చోబెట్టండి సార్. మొన్న ఒకాయన ప్లాటు దస్తావేజు డ్రాఫ్టు తెచ్చాడు. పక్కన జిరాక్స్ మిషన్ మోత, రోడ్డు మీద ఆటోల హారన్లు. చూద్దాంలే అని మైకులో "పన్నెండు అంకణాలు" అన్నా. "పన్నెండు అంకెలు" అని పడింది. మళ్లీ చెబితే "పన్నెండు అంగళ్లు". నెల్లూరోళ్లకి అంకణమంటే 72 చదరపు అడుగులు, ఫోనుకేం తెలుసు? పైగా సర్వే నంబరు, హద్దులు, ఎంతకి కొన్నాడో, ఇవన్నీ షాపులో నలుగురి ముందూ గట్టిగా చదవాలా?

బిట్రగుంట కుర్రోడు
అన్నా, నీది మరీ పాతకాలం. నేను వాట్సాప్‌లో రోజంతా మైకే. మా నాయనమ్మయితే స్క్రీన్ మీద వేలితో పలక మీద రాసినట్టు రాస్తుంది, ఫోనే దాన్ని అక్షరాలు చేసేస్తుంది. ఆమెకి కీబోర్డుతో పనే లేదు. ఒకటో రెండో తప్పులు పడితే తర్వాత దిద్దుకోవచ్చు కదా.

కావలి డీటీపీ
దిద్దేది దేంతో తమ్ముడూ?

సింగరాయకొండ టీచర్
ముందు ఆ ఇన్‌స్టిట్యూట్‌లో ఏ కీబోర్డు నేర్పుతారో అడగండి. గొడవంతా అక్కడే. అను ఫాంట్లలో కొట్టించేవాళ్లు ఇంకా ఉన్నారు. ప్రెస్సు పనికి అది బాగానే ఉంటుంది గానీ అది యూనికోడ్ (ఏ ఫోన్లోనైనా, కంప్యూటర్లోనైనా ఒకేలా చదవగలిగే అక్షరాల కోడ్) కాదు, కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే పిచ్చి గీతలు కనిపిస్తాయి. ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే పద్ధతి తేలికే. కానీ ఏ, టి, టి, ఏ కొడితే అది అత్తా, అట్టా? అది ఇచ్చే జాబితాలోంచి మనమే ఏరుకోవాలి.

నా ఓటు ఇన్‌స్క్రిప్ట్‌కి. 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ ప్రమాణంగా పెట్టిన అమరిక అది. అచ్చులూ గుణింతాలూ ఎడమ చేతికి, హల్లులు చాలావరకు కుడి చేతికి. 'అత్త' కావాలంటే షిఫ్ట్ పట్టుకుని డి, తర్వాత ఎల్, డి, ఎల్. మధ్యలో ఆ డి పొల్లు, ఒత్తు కలిపేది అదే. మొదటి వారం తల తిరుగుతుంది, నాకూ తిరిగింది. తర్వాత వేళ్లు వాటంతటవే వెళ్తాయి. విండోస్‌లో ముందే ఉంటుంది కాబట్టి విడిగా కొనేదేమీ లేదు.

చీమకుర్తి నెట్ సెంటర్
అందరూ కీబోర్డు, మైకు దగ్గరే ఆగిపోయారు. నా కౌంటర్ మీద రోజంతా అరిగేది వేలిముద్ర మిషను. ఈకేవైసీకి, అంటే ఆధార్‌తో మనిషిని సరిచూసే పనికి, గ్రానైట్ పనివాళ్లు వస్తారు, రాయితో రుద్దీ రుద్దీ వేళ్ల గీతలు అరిగిపోయుంటాయి. తడిగుడ్డతో తుడుస్తాం, కొందరు జిడ్డు అంటుతుందని వేలు తలకు రుద్దుకుంటారు. పది వేళ్లూ అయ్యాక కంటిపాప మిషను ముందు కూర్చోబెడతాం. కంప్యూటర్‌కి మనిషి సంగతి చేరవేసేవే కదా ఇవన్నీ! మా పక్క కొట్లో బార్‌కోడ్ గన్ ఉంది. నోట్‌ప్యాడ్ తెరిచి సబ్బు మీద గురిపెడితే అంకెలు టపటపా పడి, ఎంటర్ కూడా అదే కొట్టుకుంటుంది. కంప్యూటర్ లెక్కలో అదీ ఒక కీబోర్డే. పాపకి టైపింగ్‌తో పాటు స్కానర్, వెబ్‌క్యామ్ పని కూడా వస్తే మా ఊళ్లోనే పని దొరుకుతుంది.

బిట్రగుంట కుర్రోడు
సరే, దస్తావేజులకి ఒప్పుకుంటా. కానీ నాలుగు పేజీల మామూలు ఉత్తరం మైకులో చెప్పి, చివర్లో దిద్దుకుంటే మీకంటే నేనే ముందు లేస్తా. పందెం.

కావలి డీటీపీ
ఆదివారం రా. జిరాక్స్ మిషన్ ఆపను మరి.

ఒంగోలు మేనమామ
అంతా మా బావకి చదివి వినిపించా. అంకణాల దగ్గర ఆపి, తనే ఫోను తీసి చెప్పాడు. మూడోసారికి సరిగ్గానే పడింది. ఇప్పుడు "చూశావా" అని ఇల్లంతా తిరుగుతున్నాడు. ఫీజు సంగతి ఇంకా తేల్లేదు. పాప మాత్రం నా పాత లాప్‌టాప్ ముందేసుకుని ఎల్, డి, ఎల్ అంటూ అత్తని కొడుతోంది.