పెరట్లో నిలిచిన నీళ్లు ఎవరివి?

తులసికోట:
మాది ఒడిశాలో గంజాం జిల్లాలో ఒక చిన్న పట్టణం. తాతగారు కట్టిన ఇల్లు, మొత్తం నాలుగు డెసిమళ్ల (సెంట్ల) స్థలం. వెనక పెరడు, బావి, ఒక నిమ్మచెట్టు. నా చిన్నప్పుడు వీధిలోంచి మా అరుగు మీదికి మూడు మెట్లు ఎక్కేవాళ్లం. ఇప్పుడు వీధిలోంచి ఇంట్లోకి దిగుతున్నాం. సిమెంటు రోడ్డు మీద మళ్లీ సిమెంటు రోడ్డు వేశారు. రెండుసార్లూ పాతదాన్ని తవ్వి తీసిన పాపాన పోలేదు.

2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను వచ్చినప్పుడు మా ఇంటి పెంకులు ఎగిరిపోయాయి గానీ, పెరట్లో నీళ్లు మర్నాటికల్లా పోయాయి. 2018లో తిత్లీ వచ్చినప్పుడు నాలుగు రోజులు నిలిచాయి. ఈ ఏడాది తుపాను అవసరం కూడా లేకపోయింది. మామూలు వానకే తులసికోట రెండో అంచు దాకా వచ్చాయి. బావిలో మురుగు కలిసింది. నిమ్మచెట్టు ఆకులు పండి రాలుతున్నాయి.

ఒడియాలో దరఖాస్తు రాయించి పురపాలక కార్యాలయంలో ఇచ్చాను. అక్కడి ఇంజనీరు ఒక్క ముక్కలో తేల్చేశాడు: "వీధి కాలువ మాది, పెరడు మీది. మీ పెరట్లో నీళ్లు మీరే తోడుకోవాలి." అక్కడ నాకు నోట మాట రాలేదు. ఇంటికి నడిచి వస్తుంటే జవాబు తోచింది: వీధిని ఎత్తు చేసింది మీరే కదా! ఆ బాధ్యత పురపాలక సంఘానిదా, నాదా? మీరే చెప్పండి.

రాయగడ రోడ్డు:
ఇందులో చర్చ ఏముందండీ? హోల్డింగ్ ట్యాక్స్, అంటే ఆస్తి పన్ను, ఇంటికీ కడతాం, పెరటికీ కడతాం. పన్ను తీసుకునేటప్పుడు పెరడు వాళ్ల లెక్కలోకి వస్తుంది, నీళ్లు నిలిస్తే మాత్రం మన సొంతమైపోతుంది. రాజ్యాంగంలో పన్నెండో షెడ్యూలు చూడండి, రోడ్లు, పారిశుద్ధ్యం పురపాలక సంఘాలకు అప్పగించదగ్గ పనుల జాబితాలో ఉన్నాయి. 74వ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది. ఇన్నేళ్లయినా మోకాటి లోతు నీళ్లలో నిలబడి 'బాధ్యత ఎవరిది' అని అడుగుతున్నాం.

పాత ఓవర్సీరు:
కోపం తర్వాత, ముందు లెక్క చూద్దాం. నేను ముప్పై ఏళ్లు కాలువలు, కల్వర్టులు కట్టించినవాణ్ణి, పురపాలక సంఘాల పక్షం వహిస్తానని అనుకోవద్దు.

నాలుగు డెసిమళ్లంటే సుమారు 162 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. గంటలో 50 మిల్లీమీటర్లు కురిస్తే తులసికోట గారి స్థలంలో పడేది 8,100 లీటర్లు, అంటే సెకనుకు రెండుంబావు లీటర్లు. ఇది పెద్ద ప్రవాహం కాదు. నూటికి ఒకటి చొప్పున వాలు ఉంటే నాలుగంగుళాల గొట్టం ఒక్కటే దీన్ని హాయిగా లాగేస్తుంది. కాబట్టి ఆయన ఇంటి మీద పడిన వాన ఒక్కటే అయితే నాలుగు రోజులు నిలవాల్సిన పని లేదు. బయటి నీళ్లు లోపలికి వస్తూ ఉండాలి, లేదా లోపలి నీళ్లు పోయే దారి మూసుకుపోయి ఉండాలి. రెండూ జరిగి ఉండవచ్చు కూడా.

అందుకే అడుగుతున్నాను. మీ పెరటి వాలు ఎటు? వీధి వైపా, వెనక వైపా? వెనక గోడకు తూము ఉందా? పెరట్లో మట్టి ఎంత, సిమెంటు ఎంత?

రాయగడ రోడ్డు:
బాధితుణ్ణే బోనులో నిలబెడుతున్నారు.

కోర్టు మెట్లు:
చట్టం సంగతి కొంత చెబుతాను. రత్లాం పురపాలక సంఘం కేసులో 1980లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది, రాసినవారు జస్టిస్ కృష్ణయ్యర్. మురుగు కాలువలు కట్టడానికి డబ్బు లేదని పురపాలక సంఘం అంటే, ఆ సాకు చెల్లదని కోర్టు తేల్చింది. ఆ కేసు నడిచింది అప్పటి నేర విచారణ స్మృతి 133వ సెక్షన్ కింద. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న కొత్త స్మృతిలో అది 152వ సెక్షన్. మేజిస్ట్రేటు దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

అయితే ఒక మెలిక ఉంది. ఆ సెక్షన్ పదిమందికీ కలిగే ఇబ్బంది గురించి. ఒక్క ఇంటి పెరడు మునిగితే అందులోకి రావడం కష్టం. మీ సాహిలో (వాడలో) ఎన్ని ఇళ్లు ఇలా మునుగుతున్నాయో రాయండి. ఆరిళ్ల వాళ్లు సంతకాలు పెట్టిన అర్జీకి, ఒక్కరి అర్జీకి చాలా తేడా ఉంటుంది.

ఇంకొకటి. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం పల్లపు భూమివాడు మెరక భూమి నుంచి సహజంగా జారే నీటిని అడ్డగించకూడదు. ఆ చట్టం మొదట అమలైన చోట్లలో మద్రాసు ప్రెసిడెన్సీ ఒకటి, గంజాం అప్పుడు మద్రాసులోనే ఉండేది. 1936లో కదా ఒడిశాలోకి వచ్చాం. ఇక్కడ తూచవలసిన మాట 'సహజంగా'. మనుషులు కాంక్రీటు పోసి ఎత్తు చేసిన వీధి నుంచి జారే నీటిని సహజమైనది అనగలరా? అనలేరనే నా వాదన.

బరంపురం కోడలు:
మా అత్తవారింట్లోనూ ఇదే గొడవ. మేము మాత్రం ఎవరినీ అడగకుండా గుమ్మం ముందు అడుగున్నర ఎత్తు గట్టు కట్టించుకున్నాం. మా నీళ్లు ఆగాయి. పక్కింటివాళ్లు మాతో మాట్లాడటం మానేశారు.

తులసికోట:
ఓవర్సీరు గారి ప్రశ్నలకు జవాబు రాయడానికి రెండు రోజులు పట్టింది. కొలవడానికి కాదు, ఒప్పుకోవడానికి.

పెరటి వాలు వెనక్కే. వెనక గోడ అడుగున తూము ఉండేది, పిల్లి దూరేంత. అందులోంచి నీళ్లు వెనకాల ఉన్న బందలోకి (చిన్న చెరువు), అక్కడి నుంచి గెడ్డలోకి (వాగు) పోయేవి. 2017లో ఆ తూములోంచి పాము వచ్చింది. మా అమ్మ స్నానాలగది దగ్గర దాన్ని చూసి పడిపోయింది. ఆ సాయంత్రమే ఇటుకలు పెట్టి మూయించాను. మర్నాటి నుంచి ఆ సంగతే మరచిపోయాను. తర్వాత బురద అంటుతోందని పెరట్లో సగానికి సిమెంటు చేయించాను. బావి చుట్టూ, తులసికోట చుట్టూ మొత్తం.

వీధి ఎత్తు పెరిగిందన్నది అబద్ధం కాదు. టేపు పెట్టి కొలిచాను, మా పాత గడప కంటే వీధి ఇప్పుడు పదకొండు అంగుళాలు ఎత్తు. వాన పడగానే వీధి నీళ్లు పక్క సందులోంచి మా పెరట్లోకి దిగుతాయి. వచ్చే దారి వాళ్లు తెరిచారు, పోయే దారి నేను మూశాను. మా వరసలో ఇంకా నాలుగిళ్లు మునుగుతున్నాయి.

పాత ఓవర్సీరు:
ఇది రాయడానికి గుండె కావాలండీ. ఇప్పుడు నా అభిప్రాయం చెబుతాను. గోడ ఎవరిది అని అడిగితే ఈ తగువు ఎప్పటికీ తేలదు. వాలు మార్చింది ఎవరు అని అడగాలి. రోడ్డు కొత్తగా వేసేటప్పుడు పాత పొరను గీకి తీసి అదే మట్టానికి వేయడం తెలియని విద్య కాదు. గీకడానికి ఖర్చు, పొర మీద పొరకు ఖర్చు తక్కువ. ఆ మిగిలిన డబ్బు మీ పెరట్లో నీళ్లయి నిలిచింది. కాబట్టి వీధి నీటిని వీధి కాలువలోకి మళ్లించడం, ఆ సందు మొదట్లో జాలీ వేసి అడ్డుకాలువ కట్టడం ముమ్మాటికీ పురపాలక సంఘం పనే. తూము తెరవడం మీ పని. పాము భయం ఉంటే ఇనుప జాలీ బిగించండి, సన్నగా ఉండాలి, ప్రతి వానకు ముందు చెత్త తీయాలి. సిమెంటులో కొంతైనా పగలగొట్టండి, నిమ్మచెట్టు బతుకుతుంది.

కోర్టు మెట్లు:
తూము తెరిచే ముందు ఒక పని చేయండి. వెనక బంద ఇప్పుడు ఎలా ఉంది? ఒడిశా భూరికార్డుల వెబ్‌సైటు భూలేఖ్‌లో ఆ ప్లాటు నంబరు కొట్టి కిసం (భూమి రకం) ఏమిటో చూడండి. ఘరబారి (ఇళ్ల స్థలం) అని ఉంటే ఒక దారి, జలాశయం అని ఉంటే మరో దారి. చెరువులను పూడ్చి కట్టిన ఇళ్ల విషయంలో సుప్రీంకోర్టు 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో గట్టిగానే చెప్పింది. పూడ్చినవాడు ఎంత డబ్బు పోసి ఇల్లు కట్టినా అది అక్రమాన్ని సమర్థించుకునే కారణం కాదని.

రాయగడ రోడ్డు:
నేను మొదట్నుంచీ అదే అంటున్నాను. బందను పూడ్చి ఉంటే, అక్కడ ఇంటి ప్లానులకు అనుమతి ఇచ్చినవాళ్లు ఎవరు? మళ్లీ అక్కడికే వస్తుంది.

తులసికోట:
నిన్న రాత్రి చూశాను. ఒడియా అక్షరాలు నాకు తడబడతాయి, మా అబ్బాయి చదివి చెప్పాడు. కిసం దగ్గర జలాశయమనే ఉంది. దాని మీద ఇప్పుడు మూడు మేడలు ఉన్నాయి. మా గోడకు ఆనుకుని ఉన్న మేడ మా మేనమామ కొడుకుది. గృహప్రవేశానికి పీటల మీద కూర్చోబెట్టి మాకు బట్టలు పెట్టారు.

తూము తెరిస్తే నీళ్లు నేరుగా మా బావ పెరట్లోకి పోతాయి. అర్జీ మీద మిగతా నాలుగిళ్లవాళ్లూ సంతకాలు పెట్టారు. అందులో వీధి ఎత్తు గురించి రాశాం, సందు గురించి రాశాం. బంద గురించి రాయాల్సిన చోట రెండు గీతల మేర ఖాళీ వదిలాను. మేస్త్రీ ఆదివారం వస్తానన్నాడు. అంతకుముందే బావ ఇంటికి వెళ్లి మాట్లాడి రావాలి.