ఐసులో వచ్చిన కానాగంతల్లో పరాన్నజీవుల లెక్క నమ్మొచ్చా?

నల్లగొండలో ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్నాను. ప్రాజెక్టుకు కానాగంతల్లోని (ఇండియన్ మాకెరెల్ అనే సముద్రపు చేపలు) పరాన్నజీవులను తీసుకున్నాను. సముద్రం లేని జిల్లాలో ఇదేం టాపిక్ అని నవ్వకండి, చెరువు చేపల మీద మా సీనియర్లు చాలామంది చేసేశారు. కోస్తా నుంచి ఐసు పెట్టెల్లో వచ్చే చేపలే నాకు దిక్కు.

మొప్పల గదిలో ఉండే నోరిలెకా ఇండికా అనే ఐసోపాడ్ (రొయ్యలు, పీతల బంధువైన చిన్న జీవి) కంటికే కనిపిస్తుంది, దానితో ఇబ్బంది లేదు. టెన్షనంతా మిగతావాటితోనే. మొప్పలను కొక్కేలతో పట్టుకునే మోనోజీనియన్లు (చిన్న చదును పురుగులు) చేప చచ్చాక ఐసు నీళ్లలో రాలిపోవచ్చు. రాలినవి ఏ చేపవో తెలియదు. అనిసాకిస్ అనే గుండ్రటి పురుగు లార్వాలేమో పేగుల చుట్టుపక్కల నుంచి కండలోకి పాకగలవు. (చేపలమ్మే అక్క "పురుగులున్నయని అందరికీ చెప్పకు తమ్మీ" అంటోంది. బాగా ఉడికిస్తే చస్తాయక్కా అన్నా వినదు.)

ఇలాంటప్పుడు ఒక్కో చేపలో ఎన్ని రకాలు, ఒక్కో రకం ఎన్ని అన్న లెక్కకు విలువుంటుందా? మొప్పలు వదిలేసి, పేగుల్లోని ట్రెమటోడ్లు (ఇవీ చదును పురుగులే), నెమటోడ్ల (గుండ్రటి పురుగుల) వరకే చూస్తే గైడ్లు ఒప్పుకుంటారా? రేవులోనే ఒక్కో చేపను విడి కవర్లో వేయించి, ఆ కవరు కడిగిన నీళ్లు కూడా మైక్రోస్కోపు కింద చూస్తే సరిపోతుందా?

డీఎన్‌ఏ కోసం కొన్నిటిని ఫార్మాలిన్‌లో కాకుండా ఆల్కహాల్‌లోనే వేస్తున్నాను. ఈ పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. మచిలీపట్నం, నిజాంపట్నం వైపు చేపల్ని అలా విడిగా కట్టి బస్సులో పంపేవాళ్లు దొరుకుతారా?