కెమెలియా మొగ్గలు రాలిపోతున్నాయి. మన విజయనగరం ఎండకు ఈ మొక్క నిలుస్తుందా?

పెరటితోట_విజయనగరం: మూడేళ్ళ కిందట నర్సరీలో కెమెలియా ససాంక్వా కొన్నాను. జపాన్ మొక్క, చలి ముదరకముందే, మన దసరా రోజుల్లో పూత మొదలవుతుంది. నిరుడు సిరిమాను పండగ అయిన వారానికి పదకొండు పూలు పూసింది. లేత గులాబీ రంగు, మధ్యలో పసుపు కేసరాలు. పువ్వు ఊడి పడదు, రేకులు ఒక్కొక్కటిగా గచ్చు మీద రాలతాయి. ఈసారి మొగ్గలు శనగగింజంత అయ్యి, గోధుమరంగుకు తిరిగి రాలిపోతున్నాయి. ఆకులు పసుపెక్కాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. కుండీకి పొద్దుటి ఎండే తగులుతుంది. పోసేది బోరు నీళ్ళు.

రాజాం_మాస్టారు: కొమ్మలు ఎప్పుడు కత్తిరించారు?

పెరటితోట_విజయనగరం: జులైలో. గుబురుగా ఉందని పైన నాలుగు కొమ్మలు తీశాను.

రాజాం_మాస్టారు: అదీ సంగతి. కెమెలియాకు పూత అయిపోగానే కత్తెర వెయ్యాలి. ఆ తర్వాత వచ్చిన కొత్త కొమ్మల చివర వేసవిలో మొగ్గ కడుతుంది. జులైలో తీశారంటే ఈ ఏటి పూలు చేతులారా తీసేసుకున్నట్టే.

పెరటితోట_విజయనగరం: తీసిన కొమ్మల సంగతి సరే మాస్టారూ. తియ్యని కొమ్మల మీద మొగ్గలు కదా రాలుతున్నాయి?

రాజాం_మాస్టారు: ముప్పై ఏళ్ళు గులాబీలు పెంచాను. కత్తెర తప్పు నెలలో పడితే మొక్క మొత్తం దెబ్బతింటుంది. నా సమాధానం అదే.

చీపురుపల్లి_మట్టి: ఈనెలు పచ్చగా ఉండి ఆకు పసుపెక్కితే సాధారణంగా ఇనుము అందడం లేదని అర్థం. దీనికి పుల్లటి నేల కావాలి, పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య. తేయాకు మొక్క కూడా ఒక కెమెలియానే, దానిదీ ఇదే స్వభావం. బోరు నీళ్ళలో సున్నం ఉంటే మట్టి గుణం మారిపోతుంది, ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. మీ కుండీ అంచున తెల్లటి పొర కట్టిందా?

పెరటితోట_విజయనగరం: కట్టింది. గోరుతో గీకితే ముగ్గుపిండిలా రాలుతోంది. అయితే రేపటి నుంచి ఫిల్టరు నీళ్ళు పోస్తాను, రోజుకు రెండు లీటర్లు.

బొబ్బిలి_అమ్మాయి: ఆంటీ, పైన సరుగుడు ఆకులు పరవండి. వేళ్ళు పైపైనే ఉంటాయి, మట్టి తవ్వకండి.

ఉద్దానం_కొబ్బరి: తాగే నీళ్ళు పోస్తారా అమ్మా? మా ఊళ్ళో క్యాన్లు కొని తాగిన ఇళ్ళు ఎన్నో. ఫిల్టరు రెండు లీటర్లు ఇవ్వాలంటే అంతకంటే ఎక్కువే పైపులో వదిలేస్తుంది. 2018లో తిత్లీ తుఫాను మా తోటను ఒక్క రాత్రిలో పడగొట్టేసింది. మళ్ళీ నాటిన కొబ్బరి మొక్కలకు రెండు వేసవులు బిందెలతో మోశాను. ఒక్క చుక్క పారబొయ్యలేదు.

రాజాం_మాస్టారు: తిత్లీకీ కత్తెరకీ సంబంధం ఏమిటండీ? జులైలో కత్తిరించారు. దాని మీద ఎవరూ మాట్లాడరేం?

పెరటితోట_విజయనగరం: మీ తోట పోయినందుకు నాకూ బాధే బాబూ. నా కుండీ దానికి కారణం కాదు కదా. కొబ్బరి కూడా నీళ్ళు తాగుతుంది, కాయ కాస్తుంది కాబట్టి ఎవరూ లెక్క అడగరు. పూల మొక్కకు చెంబుడు పోస్తే మాత్రం అడుగుతారు. "అది కాస్తుందా, తింటామా?" పదిహేనేళ్ళుగా మా ఇంట్లో ఇదే మాట. ఇక్కడికొచ్చినా అదేనా?

ఉద్దానం_కొబ్బరి: కాయ కోసం అన్నానని ఎందుకనుకున్నారు? మా వాకిట్లో పారిజాతం ఉంది. పొద్దున్నే మా అమ్మ తుండుగుడ్డ పరిచి పూలు ఏరుతుంది. కానీ అది మా బోరు నీళ్ళకే బతుకుతోంది. మొక్క కొనేటప్పుడే ఏప్రిల్‌లో అది ఏం తాగుతుందో ఆలోచించాలన్నదే నా మాట. నర్సరీవాడు ఆ మాట చెప్పడు, మొగ్గలతో ఉన్న మొక్క చూపించి అమ్మేస్తాడు.

పెరటితోట_విజయనగరం: నాకూ చెప్పలేదు. నిజమే.

చీపురుపల్లి_మట్టి: ఫిల్టరు వదిలేసే నీళ్ళు కూడా పొయ్యకండి, అందులో లవణాలు ఇంకా ఎక్కువ. వాన నీళ్ళు పట్టుకోండి. వేసవిలో ఏసీ పైపు కింద బకెట్ పెట్టండి, ఆ నీళ్ళలో సున్నం ఉండదు. ఎండలు ముదిరేకొద్దీ ఏసీ నడుస్తుంది, నీళ్ళూ వస్తాయి.

పెరటితోట_విజయనగరం: రాత్రి పెట్టి చూశాను. తెల్లారేసరికి సగం బకెట్ నిండింది. ఫిల్టరు నీళ్ళు పొయ్యను.

ఉద్దానం_కొబ్బరి: మంచిది అమ్మా. ఏప్రిల్‌లో ఎన్ని లీటర్లు వస్తున్నాయో కొలిచి ఇక్కడే రాయండి. మా పక్కింటివాళ్ళకూ ఏసీ ఉంది, చెబుతాను.

రాజాం_మాస్టారు: నీళ్ళు ఏవైనా పొయ్యండి. జులైలో మాత్రం కత్తెర ముట్టుకోకండి.