1990 మియాటా కొన్నాను, టర్బో పెట్టించమంటారా?

గోదారి_గేరు (డాలస్)

అందరికీ నమస్కారం. పదేళ్లు ఆఫీసుకూ ఇంటికీ బుద్ధిగా పెద్ద కారు నడిపాక, కిందటి శనివారం కోరిక తీర్చుకున్నాను. మాజ్డా మియాటా, 1990 మోడల్, ఎరుపు రంగు, 1.6 ఇంజిను, అయిదు గేర్లు, 118 వేల మైళ్లు. 5,200 డాలర్లకు వచ్చింది. మీట నొక్కగానే హెడ్‌లైట్లు కప్ప కళ్లలా పైకి లేస్తాయి. మా ఆరేళ్లవాడు పొద్దున్నే గరాజులోకి వెళ్లి వాటికి నమస్కారం పెట్టి వస్తున్నాడు. మా ఆవిడ మాత్రం "రెండు సీట్ల బండిలో ముగ్గురం ఎలా వెళతాం?" అని ఒకే ప్రశ్న వేసి ఊరుకుంది. దానికి ఇంకా జవాబు వెతుకుతున్నాను.

అసలు సంగతి ఇది. 116 హార్స్‌పవర్ చాలడం లేదు. హైవే ఎక్కేటప్పుడు వెనక ట్రక్కు తరుముకొస్తున్నట్టే ఉంటుంది. ఆరు వేల డాలర్లు పక్కన పెట్టాను, టర్బో (ఇంజినులోకి గాలిని బలంగా నెట్టి శక్తి పెంచే పరికరం) పెట్టిద్దామని ఉంది. చేయించినవాళ్లు ఎవరైనా చెప్పండి.

నాలుగో_సిలిండర్ (డెట్రాయిట్ దగ్గర)

శుభం. టర్బో మాట తర్వాత. వాల్వులను పిస్టన్లతో లయ కలిపి నడిపే టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారు? రసీదు ఉందా, అమ్మినాయన మాటేనా? 60 వేల మైళ్లకోసారి మార్చాలి. ఈ ఇంజినులో బెల్టు తెగినా పిస్టన్లు వెళ్లి వాల్వులకు తగలవు కాబట్టి ఇంజిను బతుకుతుంది, మీరే రోడ్డు పక్కన నిలబడతారు.

రెండోది, రేడియేటర్ పైన ప్లాస్టిక్ తొట్టి ఏ రంగులో ఉంది? కొత్తప్పుడు నల్లగా ఉంటుంది. నలుపు పోయి పాత చింతపండు రంగుకు తిరిగితే పెళుసెక్కిందని అర్థం. డాలస్ ఎండలకు ఆగస్టు దాటదు.

అన్నిటికన్నా ముఖ్యం: బండిని స్టాండ్ల మీద నిలబెట్టి (జాకీని నమ్మి కిందికి దూరకండి) టార్చి వేసి క్రాంకుషాఫ్టు (పిస్టన్లు తిప్పే ఇరుసు) ముందున్న పుల్లీ మధ్యలో చూడండి. బోల్టు చుట్టూ గాళ్లు కనిపిస్తాయి. నాలుగా, ఎనిమిదా? లెక్కపెట్టి ఇక్కడ రాయండి. అప్పటిదాకా ఒక్క డాలరు కూడా తీయకండి.

చినుకు_చప్పుడు (న్యూజెర్సీ)

తమ్ముడూ, ఇంజిను సంగతి వాళ్లు చూసుకుంటారు. నేను నీళ్ల సంగతి చెబుతాను. నాది 1995 బండి, ఎనిమిదేళ్లుగా నా దగ్గరే ఉంది.

కొన్న మొదటి ఏడాది, వాన పడ్డ రెండో రోజు నుంచి కారులో తడిసిన గోనెసంచి వాసన. టాపు ఎక్కడో కారుతోందని దాని చుట్టూ రబ్బర్లన్నీ మార్చాను. వాసన పోలేదు. చివరికి సీట్లు విప్పి కార్పెట్ ఎత్తితే కింద అరంగుళం నీళ్లు, వాటిలో మొలకెత్తిన మేపుల్ గింజ ఒకటి! ఈ బండికి గుడ్డ టాపు మీద పడ్డ నీరు సీట్ల వెనక, సీటు బెల్టు స్తంభాల దగ్గరున్న రెండు కన్నాల గుండా కిందికి పోవాలి. అక్కడ ఆకులూ మట్టీ అడ్డుపడితే ఆ నీరే లోపలికి మళ్లుతుంది. తలుపు కింద, పైకి కనబడని ఇనుప పెట్టెలోకి చేరి అక్కడే నిలుస్తుంది. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల తుప్పు తినేస్తుంటుంది. వెనక చక్రానికి కాస్త ముందు, తలుపు కింది అంచును వేలితో గట్టిగా నొక్కి చూడండి. కరకరమంటే తల పట్టుకోవలసిందే.

నాకు కరకరమంది. మొదట వెళ్లిన షెడ్డులో పుట్టీ పూసి రంగు కొట్టి, చేతిలో పెట్టారు. ఏడాది తిరిగేసరికి అప్పడం మీద లేచినట్టు బుడగలు లేచాయి. రెండోసారి, కుళ్లిన రేకు కోసేసి కొత్త రేకు అతికించేవాళ్లను వెతికి పట్టుకున్నాను. 1,900 డాలర్లు. ఇప్పుడు ఏటా రెండుసార్లు, ఆకులు రాలడానికి ముందూ రాలాకా, గడ్డి కోసే యంత్రంలో వాడే లావు నైలాను తీగ తీసుకుని ఆ కన్నాల్లోకి మెల్లగా పోనిస్తాను. పది నిమిషాల పని. పదునైన ఇనుప తీగ మాత్రం వాడకండి, లోపలి గొట్టం చిరుగుతుంది.

మరొకటి. చలికాలంలో టాపు దించేముందు వెనక ప్లాస్టిక్ కిటికీ జిప్పు తీసి పడుకోబెట్టండి. అలాగే మడిస్తే పటుక్కున విరుగుతుంది. బ్యాటరీ డిక్కీలో ఉంటుంది కాబట్టి దొరికింది పెట్టకుండా, ఆవిరి బయటికి పోయే గొట్టాలు తగిలించే రకమే కొనండి. లేకపోతే డిక్కీ అడుగు కూడా తుప్పు పడుతుంది.

గోదారి_గేరు

అక్కా, నొక్కి చూశాను. గట్టిగానే ఉంది, దేవుడు చల్లగా చూశాడు. కన్నాల్లోంచి మాత్రం గుప్పెడు మట్టి వచ్చింది.

అన్నగారూ, గాళ్లు లెక్కపెట్టాను. మూడుసార్లు. నాలుగే. బెల్టుకు రసీదు లేదు. ఈ నాలుగు అంటే ఏమిటో వెతికి చదివాక రాత్రి నిద్ర పట్టలేదు.

నాలుగో_సిలిండర్

నిద్ర పాడుచేసుకోవలసినంత ఏమీ లేదు. 1989 ఫిబ్రవరిలో షికాగో షోలో ఈ కారును బయటపెట్టినప్పటి నుంచి సుమారు 1991 మధ్య వరకు వచ్చిన ఇంజిన్లలో క్రాంకు ముక్కు, అంటే పుల్లీ కూర్చునే ముందు కొస, పొట్టి; ఆ నాలుగు గాళ్లు దానికే గుర్తు. టైమింగ్ పుల్లీ పక్కకు తిరగకుండా ఒక చిన్న ఇనుప కీ దాన్ని పట్టి ఉంచుతుంది. అసలు బలమంతా బోల్టు బిగింపులోనే. బెల్టు మార్చినవాళ్లు టార్క్ రెంచి (బిగింపు బలాన్ని కొలిచే రెంచి) లేకుండా అందాజుగా బిగించి వదిలేస్తే, కీ తన గాడిలో అటూ ఇటూ ఆడడం మొదలుపెడుతుంది. ఒకసారి ఆడిందంటే గాడిని అరగదీస్తూనే పోతుంది. టైమింగ్ వెనక్కి జారుతుంది, బండి నీరసిస్తుంది, ఒకరోజు ఎత్తు ఎక్కనంటుంది. ఆ అరుగుదల క్రాంకుదే కాబట్టి బోల్టు మార్చితే తీరదు.

35 ఏళ్లు దాటినా మీది ఆడలేదంటే సరిగా బిగించిన పుణ్యాత్ముడెవరో ఉన్నట్టే. ఇంజిను ఆడిస్తూ పుల్లీని ముందునుంచి చూడండి. వంకర తిరుగుతోందా? టైమింగ్ లైటు (టైమింగ్ గుర్తును చూపే మెరుపు దీపం) పెట్టి చూడండి. సరిచేసిన గుర్తు వారానికే జరిగిపోతోందా? రెండూ లేకపోతే బెల్టు మార్చేటప్పుడు కొత్త బోల్టు, కొత్త కీ వేసి, పుస్తకంలో ఉన్న లెక్కకు బిగించి, బోల్టు తల మీదుగా పెయింటుతో గీత గీయండి. గీత విడిందంటే బోల్టు కదిలినట్టే. ఈ క్రాంకు మీద టర్బో మాత్రం నేనైతే పెట్టను.

నా పేరు సంగతి చాలామంది అడుగుతుంటారు. ఈ ఇంజిను మొదట్లో మాజ్డా 323 కారులో అడ్డంగా కూర్చునేది. మియాటాలో నిలువుగా తిప్పేసరికి థర్మోస్టాట్ ముందువైపు వచ్చింది. నీళ్లు ముందునుంచే వెళ్లి ముందునుంచే వస్తాయి, వెనకున్న నాలుగో సిలిండర్ దాకా చల్లదనం సరిగా అందదు. రోడ్డు మీద తిరగడానికి ఇబ్బంది లేదు. నేను రేసు ట్రాక్ మీద ఎండలో ముప్పై నిమిషాలు వరసగా తోలి హెడ్ గ్యాస్కెట్ (ఇంజిను పైభాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు పలక) కాల్చుకున్నాను, సరిగ్గా నాలుగో సిలిండర్ దగ్గరే. ఆ తర్వాత నీరు వెనకనుంచి బయటికి వచ్చేలా గొట్టాలు మార్చుకున్నాను. ట్రాక్ ఆలోచన ఉంటే మార్పులన్నిటిలో మొదటి మార్పు అదే.

స్మాగ్_సోదరుడు (శాన్ హోసే)

టర్బో వద్దని చెప్పేవాళ్లలో సగంమంది పెట్టుకోనివాళ్లే. నేను పెట్టుకున్నాను, బ్రహ్మాండంగా ఉంటుంది. మూడో గేరులో గాలి నిండే ఆ ఈల విన్నాక మామూలు ఇంజిను ఉప్పు లేని పప్పులా ఉంటుంది.

ఇక ఖర్చు. అరిజోనాలో ఉన్నప్పుడు నా 1993 బండికి టర్బో కిట్ ఒక్కటే చాలనుకుని మొదలుపెట్టాను. 1.6లో నాక్ సెన్సర్ లేదు. పెట్రోలు పాళ్లు తప్పి లోపల పేలుళ్లు మొదలైనా ఇంజిను మీకు చెప్పదు, పిస్టన్ విరిగాకే తెలుస్తుంది. అందుకని వేరే ఈసీయూ (ఇంజినును నడిపే కంప్యూటరు), పాళ్లు చూపే మీటరు, వాటికి ట్యూనింగ్. లోపలికి వచ్చే గాలిని కొలిచే పాత తలుపు మీటరు కూడా తీసేయాలి. తర్వాత క్లచ్. ఆ తర్వాత ఒక ఆదివారం రెండో గేరులో గట్టిగా తొక్కితే వెనకనుంచి బకెట్‌లో గులకరాళ్లు గిలక్కొట్టినట్టు శబ్దం వచ్చింది. డిఫరెన్షియల్, వెనక చక్రాలకు బలం పంచే పళ్లచక్రాల పెట్టె! 1.6 బండ్లకు ఆరంగుళాల చిన్న పళ్లచక్రం వస్తుంది. 1994 నుంచి 1.8 బండ్లకు ఏడంగుళాలది ఇచ్చారు, కొన్నింటికి ఒక చక్రం జారినా రెండోదానికి బలం అందించే టోర్సెన్ రకం కూడా. పాత 1.8 బండి నుంచి అది తెచ్చి, దాంతోపాటు యాక్సిళ్లు, ప్రొపెల్లర్ షాఫ్టు కూడా మార్చాను. అయిదు వేలనుకున్నది పదకొండు వేలు దాటింది.

ఇంత చేశాక కాలిఫోర్నియాకు బదిలీ అయింది. ఇక్కడ 1976 నుంచి వచ్చిన పెట్రోలు కార్లు, బాగా కొత్తవి తప్ప, పొగ పరీక్షకు వెళ్లవలసిందే. మార్చిన భాగానికి రాష్ట్ర వాయు మండలి ఇచ్చిన నంబరు లేకపోతే పొగ ఎంత శుభ్రంగా ఉన్నా బండి తప్పినట్టే. మొత్తం విప్పి పెట్టెలో పెట్టాను. ఇప్పుడు ఆ పెట్టె మీద కూర్చునే షూ లేసులు కట్టుకుంటాను. డాలస్‌లో 24 ఏళ్లు దాటిన బండికి ఆ పరీక్ష లేదు కాబట్టి మీకా తలనొప్పి తక్కువ. ఉద్గారాల పరికరాలు తీసేయడానికి కేంద్ర చట్టం ఒప్పుకోదు, అది మరిచిపోకండి.

కోను_కొట్టినవాడు (హ్యూస్టన్)

సోదరుడి ఖర్చుల పట్టీ చదివాక నేను చెప్పేదేమీ మిగల్లేదు, అయినా చెబుతాను. ఈ కారు బరువు వెయ్యి కిలోలు కూడా ఉండదు. దీని అందం మలుపులో ఉంది. మీ బండి టైర్ల తయారీ తేదీ చూశారా? పక్కగోడ మీద నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండు వారం, చివరి రెండు ఏడాది. గాళ్లు లోతుగా ఉన్నాయని మురిసిపోకండి, పదేళ్ల టైరు చెక్కలాంటిది. 15 అంగుళాల చక్రాలు, మంచి 195/50 టైర్లు, కొత్త షాకులు, తర్వాత అలైన్‌మెంట్. రెండు వేల చిల్లరలో వేరే కారు కొన్నట్టు ఉంటుంది.

నేను చేసిన తప్పు మీరు చేయకండి. బండి పైకెత్తి, చక్రాలు వేలాడుతుండగా సస్పెన్షన్ చేతుల బుష్ బోల్టులన్నీ పూర్తిగా బిగించాను. కిందికి దించగానే రబ్బర్లన్నీ మెలితిరిగిపోయాయి. బండి మేకలా గెంతేది, ఆరు నెలలకే బుష్‌లు చిరిగాయి. బోల్టులు వదులుగా ఉంచి, బండిని చక్రాల మీద నిలబెట్టి, బరువు పడ్డాకే చివరి బిగింపు.

ట్రాక్‌కు వెళ్లాలనుకుంటే, క్రెసన్‌లో ఉన్నది మీకు దగ్గరే. ముందు రోల్ బార్, బండి బోల్తాపడితే తలను కాపాడే ఇనుప కమ్మి. టాపు లేని బండిని చాలా క్లబ్బులు అది లేనిదే లోపలికి రానివ్వవు. బ్రేక్ ఆయిల్ కూడా కొత్తది పోయండి. డాట్ 3 రకం కొత్తప్పుడే 205 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరగొచ్చు, డాట్ 4 అయితే 230. తేమ పీల్చిన పాతదానికి ఇంకా తక్కువ. నాకు మూడో రౌండులో పెడల్ నేలకు తగిలింది. గడ్డిలో ఆగాను.

ఔటర్_రింగు (హైదరాబాద్)

మీ మాటలు చదువుతుంటే కుళ్లుగా ఉంది. నాది పోలో జీటీ. స్ప్రింగులు మార్చి ఎత్తు తగ్గించాను. మా కాలనీలో ఉన్న పదకొండు స్పీడ్‌బ్రేకర్లలో తొమ్మిదింటికి అడుగు రాసుకుని, మళ్లీ పాతవే పెట్టించాను. ఇక్కడ మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం రిజిస్ట్రేషన్ వివరాలకు తేడా వచ్చే మార్పు కుదరదు కూడా. అన్నా, అలాంటి మియాటా ఒకటి ఇండియాకు తెప్పించుకోవచ్చా?

నాలుగో_సిలిండర్

కుదరదు తమ్ముడూ. వాడిన కారు మూడేళ్లు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి. అమెరికా బండి రెండు పరీక్షలూ తప్పుతుంది. ఇటు వచ్చినప్పుడు చెప్పు, టెనెసీ సరిహద్దులో 11 మైళ్లలో 318 మలుపులున్న రోడ్డుకు తీసుకెళతాను. నువ్వే తోలు.

గోదారి_గేరు (రెండు నెలల తర్వాత)

ఆలస్యానికి క్షమించాలి. టర్బో మాట ప్రస్తుతానికి లేదు. ఆరు వేలలో 3,400 అయిపోయాయి: బెల్టు, వాటర్ పంపు, రేడియేటర్, గొట్టాలు, టైర్లు, షాకులు. నడుమ క్లచ్ పెడల్ ఒక సాయంత్రం సిగ్నల్ దగ్గర కిందికి వెళ్లి అక్కడే ఉండిపోయింది. క్లచ్‌ను కదిపే స్లేవ్ సిలిండర్ కారిపోయింది. పెడల్ దగ్గర దానికి ఆయిల్ నెట్టే మాస్టర్ సిలిండర్ కూడా కలిపి మార్చాను, ఒకటి కొత్తదైతే రెండోది వారం తిరక్కుండా పోతుందని ఇక్కడే ఎవరో రాశారు.

పుల్లీ వంకర లేదు. బోల్టు బిగించింది నేనే. రెంచి టక్కుమన్నప్పుడు రాజమండ్రిలో ఉన్న మా నాన్న వీడియో కాల్‌లో చూస్తున్నారు. ఆయన ముప్పై ఏళ్లు లారీ షెడ్డు నడిపారు. ఇంజిను స్టార్ట్ చేయగానే "ఆ టకటక ఏమిట్రా? వాల్వులను నొక్కే టాపెట్లు. ఆయిల్ ఎప్పుడు మార్చావు?" అన్నారు, ఫోనులో విని! ఆయిల్ మార్చి వంద మైళ్లు తిప్పాక సగం తగ్గింది. ఇప్పుడు వారానికోసారి ఆయనే ఫోను చేసి బండి గొంతు వినిపించమంటున్నారు, నా యోగక్షేమాలు తర్వాత.

మొన్న ఎడమ హెడ్‌లైటు సగంలో ఆగిపోయింది. మోటారు మీద రబ్బరు మూత తీస్తే చేత్తో తిప్పే గుండీ ఉంది, తిప్పి లేపాను. కారు కన్ను కొట్టిందని మావాడు బడిలో అందరికీ చెప్పాడు.

ఒక్క సందేహం. ఇంజిను వెనకవైపు, డ్రైవరు ముందున్న గోడ దగ్గర, పైనుంచి నూనె తడి కనిపిస్తోంది. హెడ్ గ్యాస్కెట్టేనా?

నాలుగో_సిలిండర్

అయ్యుండదు. హెడ్ (ఇంజిను పైభాగం) వెనక చివర టైమింగ్‌ను కంప్యూటరుకు చెప్పే క్యామ్ యాంగిల్ సెన్సర్ ఉంటుంది, దాని రబ్బరు వలయం ఎండిపోతే సరిగ్గా అక్కడే కారుతుంది. వలయం ఒకటి రెండు డాలర్లు. ఒక్క 12 నంబరు బోల్టు, చెయ్యి దూరని చోట. సెన్సర్‌ను తిప్పితే టైమింగ్ మారిపోతుంది కాబట్టి, విప్పేముందు సెన్సర్‌కూ హెడ్‌కూ కలిపి పెయింటుతో గీత పెట్టుకోండి. నేను పెట్టుకోలేదు. రాత్రి పదకొండింటికి టైమింగ్ లైటు అడగడానికి పక్కింటాయన తలుపు కొట్టాను.